నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

ఏప్రిల్ 8, మంగళవారం

ఈ డైరీ కంపెనీ ఇచ్చిందే. అట్ట మీద యూపీఎస్ బొమ్మ, కింద మా బాస్ శ్యామ్ బాబు గారి ఫోన్ నంబరు. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. రోజూ సైట్‌లో ఏం చేశానో రాసుకుంటే రిపోర్టులకి పనికొస్తుందని ఇవాళ మొదలుపెట్టాను. ఎవరూ చదవరు కాబట్టి మర్యాదలు అక్కర్లేదు.

కొత్త సైట్ మా చర్చే. రాజోలు పక్కన నేను బాప్తిస్మం పొందిన చర్చి. అమలాపురం ఆఫీసులో ఐదుగురం నెట్‌వర్క్ వాళ్ళం ఉన్నాం. మీ వాళ్ళే కదండీ సుస్మిత గారూ, మీరైతే బాగుంటుంది అని శ్యామ్ బాబు గారు నాకే ఇచ్చారు. మన వాళ్ళయితే పని మీద పని చెబుతారని ఆయనకి ఇంకా తెలియదు.

పని ఇది. ప్రసంగం చేసే పుల్పిట్ ఎదురుగా ఒక కెమెరా. పది టీవీలు: బాల్కనీలో, బయట షామియానాలో, సండే స్కూల్ గదుల్లో, మెట్లెక్కలేని పెద్దవాళ్ళు కూర్చునే కింది హాల్లో. ప్రతి టీవీ వెనక అరచేతంత బాక్సు. కెమెరా బొమ్మ మల్టీకాస్ట్‌లో వెళ్తుంది. అంటే ఒక్కసారి పంపితే అడిగిన బాక్సులన్నిటికీ అందుతుంది. అందించే స్విచ్ వెస్ట్రీలో పెట్టాం, పాస్టరు అయ్యగారు ఆరాధనకి ముందు అంగీ వేసుకునే గది అది. దానికో యూపీఎస్. ఈస్టర్‌కి బిషప్ గారు వస్తున్నారు. అప్పటికి అన్నీ నడవాలి.

కమిటీ సెక్రటరీ ప్రకాశరావు మాష్టారు. రిటైర్డ్ హెడ్మాస్టరు. టెన్త్‌లో నాకు లెక్కలు చెప్పారు. ఇప్పటికీ నాతో మాట్లాడేటప్పుడు చేతిలో సుద్దముక్క ఉన్నట్టే వేళ్ళు తిప్పుతారు. గంట కొట్టడం, తలుపులు తీయడం, ఊడవడం, కరెంటు మెయిన్ వెయ్యడం, తియ్యడం అన్నీ చిన్నబ్బాయి గారు. పేరుకి చిన్నబ్బాయి, వయసు అరవై రెండు. ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచి భార్య జ్ఞానమ్మ గారితో కాంపౌండ్‌లోనే రెండు గదుల్లో ఉంటున్నారు. ఇవాళ నాకు నిచ్చెన పట్టుకున్నది ఆయనే. జాగ్రత్తమ్మా, ఆ మెట్టు కదుల్తాది అని ప్రతిసారీ చెప్పారు. ప్రతిసారీ కదిలింది.

ఏప్రిల్ 10, గురువారం

కేబుల్ పని అయింది. ఎలక కొరికింది ఒక్కటే.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పిల్లలు కొబ్బరి మట్టలు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగారు. ఒకడు మట్టతో టీవీ తుడిచాడు.

ఆరాధన అయ్యాక టెస్ట్ చేశాను. పది టీవీల్లోనూ బొమ్మ వచ్చింది. అందరూ బాగుందంటే బాగుందన్నారు. అంతలో ప్రకాశరావు మాష్టారు వచ్చి, ఏవమ్మాయ్, నా వాట్సాప్ ఏమైపోయింది అని అడిగారు. చర్చి వైఫై మొత్తం పడుకుంది. ఊహించిందే. స్విచ్‌కి ఏమీ చెప్పకపోతే ఆ వీడియోని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అన్ని వైర్లలోకీ కుమ్మరిస్తుంది.

స్నూపింగ్ ఆన్ చేశాను. ఇప్పుడు ఏ బాక్సు అడిగిందో స్విచ్ గుర్తుపెట్టుకుని దానికే పంపుతుంది. వైఫై లేచింది. మాష్టారి వాట్సాప్‌లో ముప్ఫై గుడ్‌మార్నింగులు ఒకేసారి వచ్చిపడ్డాయి. సేవ్ చేసి లాప్‌టాప్ మూశాను. రెండు నిమిషాలు చూశాను, నడుస్తోంది. ఆకలేసింది, ఇంటికి వచ్చేశాను.

ఏప్రిల్ 17, గురువారం, సాయంత్రం 6

మధ్యాహ్నం క్వయర్ రిహార్సల్. మూడో పాటలో పది టీవీలూ ఒకేసారి బిగుసుకుపోయాయి. బాక్సులు ఆపి వేస్తే బొమ్మ వచ్చింది. మళ్ళీ ఆగింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. మళ్ళీ పెట్టాను. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. టైమ్ ప్రకారం వచ్చే ఫాల్ట్ ఇంటి అడ్రసు చెప్పినట్టే. రెండు వందల అరవై సెకన్లు అంటే క్వెరియర్ లేదన్నమాట.

మాష్టారు అర్థమయ్యేటట్టు చెప్పమన్నారు. పెళ్ళి భోజనాల్లో గరిటె పట్టుకున్నాయన వరసల మధ్య తిరుగుతూ, ఇంకొంచెం వెయ్యమంటారా అండీ అని అడుగుతుంటారు కదా, ఆయనే క్వెరియర్ అన్నాను. అడిగితే బాక్సులు ఆయ్ అంటాయి. అడిగేవాళ్ళే లేకపోతే బాక్సులు నోరు తెరవవు. రెండు వందల అరవై సెకన్లు చూసి, అందరి కడుపులూ నిండాయనుకుని స్విచ్ వడ్డన ఆపేస్తుంది. స్నూపింగ్ పెట్టిన రోజే క్వెరియర్ కూడా పెట్టాలి. నేను పెట్టలేదు, ఎందుకంటే రెండు నిమిషాలే చూశాను. మాష్టారు తల ఊపి, అడక్కుండా ఎవరూ చెప్పరు, క్లాసులో కూడా అంతే అన్నారు.

క్వెరియర్ లైను కొట్టాను. అందరం కింది హాల్లో టీవీ ముందు నిలబడ్డాం. నాలుగు పందొమ్మిది. నాలుగు ఇరవై. నాలుగు ఇరవై ఒకటి. క్వయర్ పాడుతూనే ఉంది. పది నిమిషాలు చూశాం. మాష్టారు క్లాసులో లాగా చప్పట్లు కొట్టించారు. బొండం కొట్టించి నా చేతిలో పెట్టి, ముందు తాగు అమ్మాయ్, నీ పెట్టె తర్వాత చూసుకోవచ్చు అన్నారు. తాగాను. సామాను సర్దాను. బయల్దేరుతుంటే చిన్నబ్బాయి గారు రేపటి గురించి ఏదో అడిగారు. చెప్పి బండెక్కాను.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. సరిగ్గా మూడింటికి, ఆయన ప్రాణం విడిచిన వేళకి, చిన్నబ్బాయి గారు మెయిన్ దింపేశారు. మా చర్చి ఆచారం ఇది. ఇంకెక్కడా చూడలేదు. కరెంటు రాకముందు ఆ టైముకి పెట్రోమాక్స్ లైట్లు ఆర్పేవారని అమ్మ చెబుతుంది. మైకులు, లైట్లు, ఫ్యాన్లు, అన్నీ ఆగిపోతాయి. ఆడవాళ్ళ వైపు రెక్క వదులైన ఫ్యాన్ ఒకటి టక్ టక్ మంటూ అన్నిటికన్నా ఆఖర్న ఆగుతుంది. చిన్నప్పుడు అది ఎన్ని టక్కులు కొడుతుందో లెక్కపెట్టేదాన్ని. ఇవాళ కూడా లెక్కపెట్టాను. ఇరవై మూడు.

ఈస్టర్ తెల్లవారుజాము దాకా మెయిన్ ఎవరూ ఎత్తరు. చిన్నబ్బాయి గారి గదులూ అదే మీటరు మీద. ఈ ఎండల్లో రెండు రాత్రులు ఫ్యాన్ లేకుండా పడుకుంటారు, ఆయనా జ్ఞానమ్మ గారూ.

ఒకటే చెమట. అమ్మ విసనకర్ర ఇవ్వలేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్, ఉదయం 11

రాయాలని లేదు. రాస్తున్నాను.

ఐదింటికి ఆరాధన మొదలైంది. షామియానా బయట కూడా జనం. చిన్నబ్బాయి గారు మెయిన్ ఎత్తగానే లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, అందరూ పాట ఎత్తుకున్నారు. టీవీలు బాగున్నాయి. నేను తెల్లచీర కట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. లాప్‌టాప్ ఇంట్లో ఉంది.

కాసేపటికి బాల్కనీలోంచి గుసగుసలు. పది టీవీల్లోనూ అయ్యగారు చెయ్యెత్తి ఆగిపోయారు. బాల్కనీకి పరిగెత్తి బాక్సు ప్లగ్గు పీకి పెట్టాను. బాక్సు మళ్ళీ కొత్తగా అడుగుతుంది కాబట్టి బొమ్మ వస్తుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లే వస్తుంది. పది టీవీలు, నేనొక్కదాన్ని. వెనక చెప్పుల్లేకుండా పరుగులాంటిది వినిపించింది. చిన్నబ్బాయి గారు. నేను కింద చూస్తానమ్మా, మీరు పైన చూడండి అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు. బిషప్ గారి ప్రసంగం మొత్తం ఆయన కింద, నేను పైన, ప్లగ్గులు పీకుతూ పెడుతూ తిరిగాం. అరవై రెండేళ్ళ మనిషి. షామియానా టీవీ దగ్గరికి వెళ్ళేలోపు కింది హాలు ఆగిపోయేది. కింది హాలు పెద్దవాళ్ళకి సగం ప్రసంగమే అందింది. నోరు తెరిచి ఆగిపోయిన బిషప్ గారిని చూసి సండే స్కూల్ పిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వు చర్చిలోకి వినిపించింది.

చివర్లో మాష్టారు నా వైపు చూడలేదు. చిన్నబ్బాయి గారి వైపు చూశారు.

ఏప్రిల్ 21, సోమవారం

లాప్‌టాప్ తీసుకెళ్ళి స్విచ్‌లోకి చూశాను. స్నూపింగ్ ఉంది. క్వెరియర్ లేదు. మట్టల ఆదివారం పెట్టింది సేవ్ చేశాను, ఉంది. గురువారం కొట్టింది సేవ్ చేయలేదు, కరెంటు పోగానే పోయింది. రైట్ మెమరీ అని ఒక్క ముక్క కొడితే సరిపోయేది. బొండం తాగాను.

కరెంటు పోకుండా యూపీఎస్ ఉంది కదా అంటే, అది మెయిన్ దింపిన దగ్గర్నుంచి కీచుకీచుమంటుంది. శుక్రవారం నాటి మౌనంలో అది అరవకూడదని చిన్నబ్బాయి గారు దాని బటన్ కూడా నొక్కేశారు. నొక్కకపోయినా దాని బ్యాటరీ రెండు రాత్రులు ఆగేది కాదు.

సరిచేద్దామని లైను కొట్టబోతుంటే శ్యామ్ బాబు గారు ఫోన్ చేసి, రిపోర్ట్ ఇచ్చేదాకా ఏమీ ముట్టుకోకండి, మళ్ళీ మనమే ఏదో చేశామంటారు అన్నారు. ముట్టుకోకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 22, మంగళవారం

శ్యామ్ బాబు గారికి ఉన్నది చెప్పాను. సేవ్ చెయ్యడం మరిచిపోయానండీ అన్నాను. ఆయన కేకలు వెయ్యరు. వేస్తే బాగుండేది. టీ తెప్పించారు. మెల్లగా అడిగారు, కరెంటు తీసింది ఎవరండీ? చిన్నబ్బాయి గారండి. యూపీఎస్ ఆపింది ఎవరండీ? ఆయనేనండి. మరదే రాయండి, మనం అబద్ధం రాయడం లేదు కదండీ అన్నారు. ఈ ఏడాది ఇంకా మూడు చర్చిలు మనల్ని అడుగుతున్నాయని కూడా అన్నారు.

నేను రాసింది: పవర్ పూర్తిగా ఆపినందువల్ల సెట్టింగ్స్ పోయాయి. ఆయన ప్రింట్ తీసే ముందు రెండు మాటలు కలిపారు. అనుమతి లేకుండా. చదివాను. సంతకం పెట్టాను.

ఏప్రిల్ 23, బుధవారం

ముమ్మిడివరంలో కెమెరాలు బిగించాం. ఎండ.

ఏప్రిల్ 24, గురువారం

అమ్మ ప్రార్థన కూడికకి వెళ్ళి కబురు తెచ్చింది. మా రిపోర్ట్ కమిటీలో చదివారట. చిన్నబ్బాయి గారిని తీసేస్తున్నారు. నెలాఖరుకి గదులు ఖాళీ చెయ్యమన్నారు. మిషన్లు తెలిసిన కుర్రాడిని ఎవరినైనా పెట్టుకుంటారట. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుని కాగితం ఇచ్చేస్తుంది.

ఆయనకి వేరే ఇల్లు లేదే పాపం అంది అమ్మ. తెలిసీ తెలియకుండా అన్నిటి మీదా చెయ్యి పెట్టడమెందుకు అని కూడా అంది. అమ్మ నలభై ఏళ్ళు టీచరు. తప్పు దిద్దకుండా ఏ కాగితమూ వదలదు.

నేను పెరుగన్నం తిని లేచాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

పదిహేడో తారీఖు పేజీలో ఒకటి సరిగ్గా రాయలేదు.

ఆ రోజు బయల్దేరుతుంటే చిన్నబ్బాయి గారు ఏదో అడిగారని రాశాను. ఏం అడిగారో నాకు బాగా గుర్తుంది. బండి దగ్గరికి వచ్చి, రేపు మూడింటికి మెయిన్ దింపేస్తానమ్మా, ఆ నల్లపెట్టె అరుస్తుందేమో, దాన్ని కూడా ఆపేయమంటారా, మీ సామానుకి ఏమీ అవ్వదు కదా అని అడిగారు. నేను హెల్మెట్ పెట్టుకుంటూ, ఆయ్, ఆపేయండి, ఏమీ అవ్వదు అన్నాను. రెండోసారి అడిగారు. పర్వాలేదండీ బాబూ అని కొంచెం విసుక్కున్నాను కూడా.

మెయిన్ దింపుతారని నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. బయట కంపెనీ వాడికి తెలియదంటే ఒక అర్థం ఉంది.

అనుమతి లేకుండా.

సిగ్గుగా ఉంది. ఈ మాట రాయడానికి మూడు రోజులు పట్టింది.

ఏప్రిల్ 26, శనివారం, మధ్యాహ్నం 3

వెళ్ళాను. గుమ్మం దగ్గర గిన్నెల మూట, మంచం కోళ్ళు విప్పేసి ఉన్నాయి. జ్ఞానమ్మ గారు నన్ను చూసి లోపలికి వెళ్ళి ముంజలు తెచ్చారు. వద్దంటే ఊరుకోరు. నాలుగు తిన్నాను.

చిన్నబ్బాయి గారిని అడిగాను. మీరు నన్ను అడిగే కదండీ ఆపేరు, కమిటీలో ఎందుకు చెప్పలేదండీ అని. ఆయన కొడవలికి పిడి బిగిస్తున్నారు. నన్నెవరూ అడగలేదమ్మా అన్నారు. రమ్మన్నారు, వెళ్ళేను. మీ కంపెనీ కాగితం చదివేరు, విన్నాను. వేలిముద్ర వెయ్యమన్నారు. నాకు సంతకం వచ్చండీ అన్నాను, సంతకం పెట్టేను. అంతే.

కోపంగా చెప్పలేదు. సంతకం వచ్చు అన్న దగ్గర మాత్రం కొంచెం గట్టిగా చెప్పారు.

తర్వాత ఆయనే, ఆ పెట్టె ఇప్పుడు బాగయిందా అమ్మా అని అడిగారు. లేదండీ అన్నాను. అయ్యో, కింది హాలు పెద్దోళ్ళకి రేపు ఏమీ కనపడదు కదా అన్నారు.

నేను వచ్చేస్తుంటే జ్ఞానమ్మ గారు మిగిలిన ముంజలు కవర్లో కట్టి బండికి తగిలించారు. అమ్మకిమ్మన్నారు.

ఏప్రిల్ 27, ఆదివారం

టీవీల మీద తెల్లగుడ్డలు కప్పారు. కింది హాల్లో పెద్దవాళ్ళు గుడ్డ కప్పిన టీవీ వైపే తిరిగి కూర్చుని మైకులో విన్నారు.

కమిటీ వెస్ట్రీలో కూర్చుంది. తలుపు దగ్గర చిన్నబ్బాయి గారు నిలబడి ఉన్నారు. నన్ను ఎవరూ పిలవలేదు. వెళ్ళాను. మాష్టారు కళ్ళజోడు మీంచి చూసి, నీతో పని లేదమ్మాయ్, రిపోర్ట్ ఇచ్చేవు కదా అన్నారు. ఆ రిపోర్ట్ గురించేనండీ అన్నాను.

వరసగా చెప్పాను. గురువారం నేను సేవ్ చెయ్యలేదు. చేసి ఉంటే కరెంటు తీసినా, ఆ నల్లపెట్టె తీసినా ఏమీ అయ్యేది కాదు. చిన్నబ్బాయి గారు ముందు రోజే నన్ను అడిగారు, రెండుసార్లు అడిగారు. ఆపేయమన్నది నేను. అనుమతి లేకుండా అన్నది అబద్ధం. తెలిసే సంతకం పెట్టాను.

స్విచ్ లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. మాష్టారు వేళ్ళు తిప్పడం ఆపేశారు. తలుపు వైపు తిరిగి, ఏం చిన్నబ్బాయ్, నువ్వు అమ్మాయిని అడిగేవా అన్నారు. ఆయ్, అడిగేనండి అన్నారు ఆయన.

మాష్టారు బల్ల మీదున్న తీసివేత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. గదుల సంగతి ఇంక ఎత్తొద్దు అని మిగతావాళ్ళతో అన్నారు. నాతో, మీ కంపెనీకి ఉత్తరం రాస్తాను, ఇంక రావద్దని అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే, పరీక్షలో కూడా జవాబు సరిచూసుకునేదానివి కాదు నువ్వు అన్నారు. తిట్టారో, ఇంకేదైనా అన్నారో నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చాక అమ్మకి చెప్పాను. సంతకం పెట్టేటప్పుడు బుద్ధి ఎక్కడికి పోయిందే అంది. అన్నం పెట్టింది.

ఏప్రిల్ 28, సోమవారం

శ్యామ్ బాబు గారు ఇవాళ కూడా టీ తెప్పించారు. ఉత్తరం ఫోన్‌లో వచ్చేసిందట. మిగతా చర్చిలూ వద్దన్నాయట. మిమ్మల్ని నేనేమీ అనడం లేదండీ, కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్ట్ తీసుకోండి, అవసరమైతే కబురు చేస్తాను అన్నారు. ఐడీ కార్డు బల్ల మీద పెట్టి వచ్చేశాను. డైరీ అడగలేదు.

బస్టాండు పక్కన బండి ఆపి ఏడ్చాను. ఉద్యోగానికే ఏడ్చాను, ఇంకే పెద్ద కారణమూ లేదు. ఆరేళ్ళు చేశాను అక్కడ. తర్వాత పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నాను.

మే 1, గురువారం

జ్ఞానమ్మ గారు అమ్మతో చెప్పారట, మంచం కోళ్ళు మళ్ళీ బిగించుకున్నామని.

మే 3, శనివారం, ఉదయం 10

కంపెనీ తరఫున కాదు. చర్చి మనిషిగా వెళ్ళాను, నా సొంత లాప్‌టాప్‌తో. అయ్యగారే రమ్మన్నారు. క్వెరియర్ లైను కొట్టాను. సేవ్ కొట్టాను. మెయిన్ దింపండి అన్నాను. అరిచేదాన్ని కూడానా అమ్మా అని చిన్నబ్బాయి గారు అడిగారు. ఆయ్, దాన్ని కూడా. ఆడవాళ్ళ వైపు ఫ్యాన్ ఆఖర్న ఆగింది. ఎత్తమన్నాను, ఎత్తారు. ఖాళీ పుల్పిట్ ఆగిందో నడుస్తోందో టీవీలో చూసి చెప్పలేం. కెమెరా ముందు కాస్త కదులుతూ ఉండండి అంటే ఆయన చీపురు తీసుకున్నారు. నేను కింది హాల్లోకి వచ్చి స్టాప్‌వాచ్ నొక్కాను.

నాలుగు నిమిషాల ఇరవై ఒకటో సెకనులో ఆయన ఇంకా ఊడుస్తూనే ఉన్నారు.